పల్లెలో ఉన్న పెన్షనరు ఇంటికి ఇంటర్నెట్టు

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును గురించి నాకు ముందు మాట్లాడిన వారు విపులంగా చెప్పారు. డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు గురించి కూడా చెప్పవలసినది చెప్పారు. నన్ను కార్యదర్శి గారు వేరే విషయం మీద మాట్లాడమన్నారు. "మీ ఊరికి ఇంటర్నెట్టు వైరు తెప్పించుకున్నారు కదా, అదెలా చేశారో చెప్పండి, ప్రత్యేక సంచికలో కూడా వేద్దాం" అన్నారు. నేను ఇంజనీరును కాను. ముప్పై నాలుగేళ్ళు రెవిన్యూ శాఖలో గుమాస్తాగిరీ చేసి రిటైరయినవాణ్ణి. కనుక నా ప్రసంగం కూడా కొంచెం ఆఫీసు నోటు లాగానే ఉంటుంది. దయచేసి ఓపిక పట్టండి.

మాది నల్లమల కొండ వారన ఉన్న ఊరు. మండల కేంద్రానికి 11 కిలోమీటర్లు. సెల్ టవరు కొండ మలుపుకు అవతల ఉంది. ఫోను మాట్లాడాలంటే చెరువు కట్ట ఎక్కాలి, లేదా మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడాలి. ఇక్కడ ఉన్నవారిలో సగం మందికి ఈ కథ నేను చెప్పనక్కర లేదు. మన పడమటి మండలాలలో చాలా ఊళ్ళది ఇదే పరిస్థితి.

మా వీధిలో ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారు ఉండేవారు. ఆయన సతీమణికి షుగరు, బి.పి. రెండూ ఉన్నాయి. 2022లో వారు ఇంటికి తాళం వేసి ఒంగోలులో అద్దె ఇంటికి వెళ్ళిపోయారు. నీళ్ళు లేక కాదు, రోడ్డు లేక కాదు. హైదరాబాదులో ఉన్న కుమారుడు రాత్రిళ్ళు ఫోను చేస్తే కలవదు. రక్త పరీక్ష కాగితం డాక్టరుకు పంపుదామంటే పోదు. బ్యాంకు వారి ఓ.టి.పి. పది నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. చివరికి పిల్లలు పట్టుబట్టారు. నెలకు తొమ్మిది వేల రూపాయల అద్దె, ఆయన పెన్షనులో దాదాపు నాలుగో వంతు. సొంత ఇల్లు, పెరట్లో బాగా కాసే కొబ్బరి చెట్లు వదులుకుని మూడో అంతస్తులో ఉంటున్నారు. అందుకే ఇది కుర్రవాళ్ళ సరదా వ్యవహారం కాదని మనవి చేస్తున్నాను. పల్లెలో ఉన్న పెన్షనరు తన ఊళ్ళోనే ఉండగలడా లేదా అన్న ప్రశ్న ఇందులో ఉంది.

2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ ప్రారంభమయింది. అప్పుడు వేలిముద్ర పరికరం ఉన్న చోటికి మనం వెళ్ళవలసి వచ్చేది. 2021 నవంబరు నుంచి ముఖం చూపించి కూడా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు వచ్చింది. ఇంట్లో ఫోను, సిగ్నలు ఉంటే చాలు, ట్రెజరీ మెట్లు ఎక్కనక్కర లేదు. ఈ-సంజీవనిలో డాక్టరుతో మాట్లాడవచ్చు. పెన్షను స్లిప్పు చూసుకోవచ్చు. అన్నీ ఉన్నాయి గాని, అన్నీ సిగ్నలు ఉన్నవాడికే. ఇవన్నీ మనవంటి వృద్ధుల కోసం పెట్టినవి, ఆ వృద్ధులలో ఎక్కువ మంది ఉండేదేమో సిగ్నలు లేని ఊళ్ళలో.

సరే, అసలు విషయానికి వస్తాను. ఇంటర్నెట్టు పెట్టించుకుందామని అనుకోగానే మనమంతా ఏం చేస్తాం? పట్నంలో ఉన్న అల్లుణ్ణి అడుగుతాం. ఆయన తన ఇంట్లో ఉన్న కంపెనీ పేరు, ప్లాను ధర చెబుతాడు. ఆ కంపెనీ వైరు మన ఊరి పొలిమేర కూడా తొక్కి ఉండదు. అందుచేత ధర సంగతి తరువాత చూడండి. మన గడప దాకా ఏది వస్తుందో ముందు తేల్చుకోవాలి.

పల్లెకు ఇంటర్నెట్టు వచ్చే దారులు నాలుగు. స్తంభాల మీదుగా ఫైబరు వైరు ఒకటి. టవరు నుంచి ఇంటి కప్పు మీది పెట్టెకు గాలిలో వచ్చేది రెండవది. దీన్నే ఎయిర్ ఫైబర్ అంటున్నారు. మామూలు సిమ్ కార్డు మూడవది. ఉపగ్రహం నాలుగవది.

ఉపగ్రహం సంగతి ఒక్క ముక్కలో ముగిస్తాను. స్టార్‌లింక్ అనే అమెరికా కంపెనీకి 2025 జూన్‌లో మన ప్రభుత్వం లైసెన్సు ఇచ్చింది. కొండల్లో, అడవుల్లో పనికివచ్చే ఏర్పాటే. కాని దానికి సొంత డిష్షు కొనుక్కోవాలి, పరికరానికే వేలల్లో అవుతుంది. దూరపు కొండలు నునుపు. ఇతర మూడు దారులూ మూసుకుపోయిన ఊరికి మాత్రమే ఆ ఆలోచన.

ఫైబరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పల్లెకు ఫైబరు తీసుకురావాలని కేంద్ర ప్రభుత్వం 2011 అక్టోబరులో ఒక పథకానికి ఆమోదం ఇచ్చింది. దానికే తరువాత భారత్‌నెట్ అని పేరు పెట్టారు. దేశంలోని సుమారు రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు వైరు వేయాలని ఉద్దేశం. 2023 ఆగస్టులో దాన్ని సవరించి, 1.39 లక్షల కోట్ల రూపాయల కొత్త రూపం ఇచ్చారు. మన రాష్ట్రంలో ఏ.పి. ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా వైరు లాగింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు దాన్ని జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్టు మూడూ అని అప్పుడు ప్రకటించారు. ఆ ధర మనసులో పెట్టుకుని ఈనాడు లెక్కలు వేసుకోవద్దు, ఇప్పటి ధర ఆపరేటరును అడగండి. తెలంగాణలో ఉన్న మన బంధువులకు మరో సంగతి. అక్కడ మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తవ్విన కాలువల్లోనే టి-ఫైబర్ వైరు కూడా వేశారు. ఒక తవ్వకానికి రెండు పనులు. మన కాలంలో రోడ్డు వేసిన మర్నాడే టెలిఫోను వారు వచ్చి తవ్వేవారు, గుర్తుందా?

ఇక్కడ ఒక మెలిక ఉంది. పంచాయతీ ఆఫీసు దాకా వైరు రావడం వేరు, మీ ఇంటికి రావడం వేరు. పెద్ద కాలువలో నీళ్ళు పారుతున్నంత మాత్రాన మన పొలం తడవదు, పిల్ల కాలువ తవ్వుకోవాలి. ఆ పిల్ల కాలువ తవ్వేవాడు సాధారణంగా కేబుల్ టీవీ ఆపరేటరు. బి.ఎస్.ఎన్.ఎల్. వారు కూడా చాలా చోట్ల ఊళ్ళోని యువకులనే భాగస్వాములుగా పెట్టుకుని ఇంటింటికి ఫైబరు ఇప్పిస్తున్నారు. కనుక మీరు మొదట వెదకవలసింది మీ ఊరికి దగ్గరలో ఉన్న ఆ మనిషిని. అతని వైరు ఎంత దూరంలో ఆగింది, మీ ఊరి దాకా రావడానికి అతనికి ఎన్ని ఇళ్ళు కావాలి, ఈ రెండూ అడగండి. ఫైబరులో వెలుగు ఇరవై కిలోమీటర్ల దాకా బాగానే ప్రయాణం చేస్తుందట. కాబట్టి "మీ ఊరు చాలా దూరమండీ" అన్న మాట సాంకేతికమైన కారణం కాదు, గిట్టుబాటు కారణం. గిట్టుబాటయితే మనం మాట్లాడుకోవచ్చు.

కంపెనీల పేర్లు తెలుసుకోవడానికి కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైటు ఉంది. 2023లో పెట్టారు. అందులో పిన్‌కోడు ఇస్తే ఆ ప్రాంతంలో వైరు ఇంటర్నెట్టు ఇచ్చే కంపెనీల జాబితా వస్తుంది. మనవడి చేత చూపించుకోండి. అలాగే తరంగ్ సంచార్ అని మరొకటి ఉంది, అందులో మీ చుట్టుపక్కల టవర్లు ఎక్కడ ఉన్నాయో పటం మీద కనపడతాయి. జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన వైరు మీ వీధిలో ఉందని కాదు. అది విచారణకు మొదటి కాగితం మాత్రమే.

గాలిలో వచ్చే రకం 2023లో మొదలయింది. ఎయిర్‌టెల్ వారు ఆ ఏడాది ఆగస్టులో, జియో వారు సెప్టెంబరులో ప్రారంభించారు. వైరు అక్కర లేదు, రెండు గంటల్లో బిగించి పోతారు. టవరు కనుచూపులో ఉన్న ఊరికి చాలా మంచి ఏర్పాటు. కాని 5జి తరంగాలలో ఎక్కువ వేగం మోసేవి తక్కువ దూరం పోతాయి. కొండ, చింతతోపు, ఎత్తయిన రైసు మిల్లు అడ్డం వస్తే సరి. డబ్బు కట్టే ముందు ఆ కుర్రవాణ్ణి మేడ మీదికి తీసుకువెళ్ళి, అతని పరికరంతోనే వేగం కొలిచి చూపించమనండి. పగలు పదకొండు గంటలకు కాదు, రాత్రి ఎనిమిది గంటలకు. ఆ సమయానికి ఊరంతా ఫోన్లు పట్టుకుని ఉంటారు కనుక అసలు బండారం అప్పుడే బయటపడుతుంది.

సిమ్ కార్డుతోనే సర్దుకోవలసిన వారికి ఒక చిట్కా. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్ అని వెళితే సిగ్నలు బలం అంకెల్లో కనపడుతుంది. ఆ అంకె మైనస్‌లో ఉంటుంది. 4జికి మైనస్ 85, 90 అంటే బాగున్నట్టు, మైనస్ 110 దాటితే ఆశ వదులుకోవలసిందే. ఒక కాగితం తీసుకుని వంటింట్లో ఎంత, వసారాలో ఎంత, మేడ మీద ఎంత, ఏ కంపెనీ సిమ్ముకు ఎంత అని రాసుకోండి. రెండు రోజుల పని. మేడ మీద బాగుండి ఇంట్లో లేకపోతే, సిమ్ వేసే రౌటరు, దానికి మేడ మీద బిగించే యాంటెనా దొరుకుతాయి. ఆ యాంటెనా టవరు వైపు తిప్పి పెట్టాలి, మన పాత దూరదర్శన్ యాంటెనా తిప్పినట్టే. ఆ విద్యలో మన తరాన్ని మించినవారు లేరు. ఇంకొక మాట. రెండు మూడేళ్ళ క్రితం చూసి లాభం లేదని వదిలేసిన సిమ్మును మళ్ళీ ఒకసారి పరీక్షించండి. టవరు లేని 24,680 గ్రామాలకు 4జి ఇవ్వడానికి 2022 జూలైలో కేంద్రం ఆమోదం ఇచ్చింది. బి.ఎస్.ఎన్.ఎల్. వారి స్వదేశీ 4జి 2025 సెప్టెంబరు 27న దేశమంతటా ప్రారంభమయింది. కొన్ని ఊళ్ళలో పరిస్థితి మారి ఉండవచ్చు.

ఇప్పుడు లెక్క. నేను గుమాస్తాను, లెక్క లేకుండా నోటు పెట్టలేను. ధరలు మారుతూ ఉంటాయి, కనుక ఇవి లెక్క వేసే పద్ధతి కోసం తీసుకున్న అంకెలుగా భావించండి.

పెన్షను ఏడాదికి పన్నెండు సార్లు వస్తుంది. 28 రోజుల రీచార్జి పదమూడు సార్లు వస్తుంది. 28ని 13తో గుణిస్తే 364. రోజుకు రెండు జి.బి. ఇచ్చే ప్యాకు 350 రూపాయలనుకుంటే ఏడాదికి 4,550. భార్యాభర్తలిద్దరికీ 9,100. ఇక వైరు కనెక్షను నెలకు 400 అని చెబుతారు. దాని మీద నూటికి 18 జి.ఎస్.టి. ఉంటుంది, కలిపితే 472. ఏడాదికి 5,664. గాలిలో వచ్చేది 599 అని ప్రకటనలో ఉంటే, పన్నుతో 707, ఏడాదికి సుమారు 8,480. అంటే ఇద్దరు మనుషులకు రెండు డేటా ప్యాకులు వేసుకునే కంటే ఇంటికి ఒక వైరు చవక. పైగా వైరు వచ్చాక ఫోన్లకు డేటా అవసరం తగ్గుతుంది. కేవలం మాట్లాడుకోవడానికి, ఎస్.ఎం.ఎస్.లకు మాత్రమే ఉండే ప్యాకులు విడిగా ఇవ్వాలని ట్రాయ్ సంస్థ 2024 డిసెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. దుకాణంలో వాటి సంగతి తనంత తానుగా ఎవ్వడూ చెప్పడు. అడగందే అమ్మయినా పెట్టదు, రీచార్జి కొట్టువాడు ఎందుకు పెడతాడు? అలాగే 30 రోజుల ప్యాకు కనీసం ఒకటైనా ఉండాలని 2022 జనవరిలోనే ట్రాయ్ చెప్పింది. అదీ అడగండి. బి.ఎస్.ఎన్.ఎల్. వారు పనిలో ఉన్న, రిటైరయిన ప్రభుత్వోద్యోగులకు బిల్లులో కొంత శాతం రాయితీ ఇస్తూ వచ్చారు. శాతం అప్పుడప్పుడు మారింది. పి.పి.ఓ. నకలు తీసుకువెళ్ళి ఇప్పుడెంత అని విచారించండి.

వేగం విషయంలో మోసపోవద్దు. 100, 200 అని పెద్ద అంకెలు చెబుతారు. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీస వేగం సెకనుకు 2 మెగాబిట్లు అని 2023 జనవరిలో నిర్ణయించారు. అంతకు ముందు అది అర మెగాబిట్టే. మనవరాలి ముఖం వీడియోలో చూసి మాట్లాడడానికి రెండు మెగాబిట్లు నికరంగా వస్తే చాలు. టీవీలో సినిమా స్పష్టంగా రావడానికి అయిదారు కావాలి. ఇద్దరు ముసలివాళ్ళున్న ఇంటికి 30 వేగం ప్లాను ధారాళం. సినిమా యాప్‌లు ఉచితం అని తగిలించిన పెద్ద ప్లాను తీసుకుంటే మనం చూసేది ఒకటి, డబ్బు కట్టేది పన్నెండింటికి.

మా ఊరి సంగతి ఇప్పుడు చెబుతాను. 2023 ఎండాకాలంలో మొదలుపెట్టాం. మాకు రెండున్నర కిలోమీటర్ల దూరంలో ఉన్న పెద్ద ఊళ్ళో కేబుల్ ఆపరేటరు దగ్గర ఫైబరు ఉంది. అతన్ని అడిగితే, "తాతగారూ, మీ ఒక్క ఇంటి కోసం రెండున్నర కిలోమీటర్లు వైరు లాగితే నేను మునిగిపోతాను. పదిహేను ఇళ్ళు చూపించండి, రేపే స్తంభాలు ఎక్కుతాను" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. నేనూ, ఒక రిటైర్డు పోస్టుమాస్టరు గారూ ఒక నోటు పుస్తకం పట్టుకుని బయలుదేరాం. పెన్షనర్ల ఇళ్ళు అయిదే ఉన్నాయి. ఇంకెవరికి అవసరం అని ఆలోచించాం. ఇంటి నుంచే కంప్యూటరు ఉద్యోగం చేసే కుర్రవాళ్ళు ముగ్గురు తేలారు. పాల సేకరణ కేంద్రం, రేషను డీలరు, మందుల షాపు, కిరాణా కొట్టు, అంగన్‌వాడీ టీచరమ్మ ఇల్లు కలిశాయి. గల్ఫ్‌లో కొడుకులున్న ఇళ్ళు నాలుగు వచ్చాయి. మొత్తం పదిహేడు. అందరి చేత సంతకాలు పెట్టించాం. వేలిముద్ర వేసినవారి పక్కన సాక్షి సంతకం కూడా తీసుకున్నాం. పాత అలవాటు.

గల్ఫ్ కొడుకు ఉన్న ఒక ఇంట్లో డెబ్బై దాటిన ఆమె ఒక్కతే ఉంటుంది, కుటుంబ పెన్షను మీద. "నాకెందుకు నాయనా ఇవన్నీ, నాకు నొక్కడం రాదు" అన్నది. "నొక్కనక్కర లేదు అక్కయ్యా, మీవాడు చేస్తే మోగుతుంది, పచ్చది ఒక్కటి పక్కకు లాగితే చాలు" అన్నాను. మా పదిహేడిళ్ళలో ఎక్కువ వాడేది ఇప్పుడు ఆమే అని ఆపరేటరు చెబుతున్నాడు.

ఇంటికి 1,500 చొప్పున మొదట కట్టాం. అయితే నోటి మాట మీద కట్టలేదు. ఒక కాగితం రాసుకున్నాం. పెట్టె ఎవరిది, అద్దెకా, డిపాజిటా, కొన్నట్టా? కనెక్షను వద్దనుకుంటే డబ్బు తిరిగి ఎంత వస్తుంది? వైరు తెగితే ఎన్నాళ్ళలో అతుకుతాడు? అతకకపోతే ఆ రోజుల బిల్లు తగ్గిస్తాడా? ఈ నాలుగింటికీ జవాబులు కాగితం మీద ఉండాలి. మీరు ఏ కంపెనీతో వ్యవహరించినా ఇవి అడగండి. మరొకటి, ఏడాది డబ్బు ఒకేసారి కడితే రెండు నెలలు ఉచితం అంటారు. మొదటి మూడు నెలలు మాత్రం నెల నెలా కట్టి చూడండి. బాగుంటే అప్పుడు ఏడాదికి కట్టవచ్చు.

కరెంటు స్తంభాల మీద వైరు వేయడానికి అనుమతి కావాలి, ఆ దరఖాస్తు ఆపరేటరే పెట్టుకున్నాడు. నాలుగు నెలలు పట్టింది. వైరు వచ్చాక నెలకే కోతులు కొరికేశాయి. నల్లమల కోతుల సంగతి మీకు తెలుసు. రెండున్నర కిలోమీటర్ల అవతల నుంచి మనిషి రావడానికి మూడు రోజులయింది. అప్పుడు పోస్టుమాస్టరు గారు ఒక ఉపాయం చెప్పారు. రెండు వందల మీటర్ల వైరు చుట్ట ఒకటి మా ఊళ్ళోనే రేషను డీలరు ఇంట్లో పెట్టించాం. ఇంటర్ చదివి ఖాళీగా ఉన్న కుర్రవాణ్ణి ఒకణ్ణి ఆపరేటరు దగ్గరికి పంపి, ఇంటి వైరు మార్చడం, చివర కనెక్టరు బిగించడం నేర్పించాం. అతుకు వేసే పెద్ద మిషను ఖరీదయినది, దానికి ఆపరేటరే రావాలి. చిన్న చిన్నవి మాత్రం మా కుర్రవాడే చూస్తున్నాడు. ఒక్కో పనికి వంద రూపాయలు ఇస్తాం. పల్లెలో కనెక్షను నిలబడాలంటే ధర కంటే ముఖ్యం, చెడితే వచ్చే మనిషి ఎంత దూరంలో ఉన్నాడన్నది. నెలకు యాభై రూపాయలు ఎక్కువైనా దగ్గరి మనిషినే పెట్టుకోండి.

చెడినప్పుడు మనం చూడవలసింది కూడా కొంచెం ఉంది. గోడకు బిగించిన పెట్టె మీద ఎల్.ఓ.ఎస్. అని ఒక దీపం ఉంటుంది. అది ఎర్రగా వెలిగితే వెలుగు రావడం లేదని అర్థం, అంటే వైరు ఎక్కడో తెగింది. ఎర్ర దీపం లేకుండా ఇంటర్నెట్టు రాకపోతే తప్పు వేరే చోట ఉంది, బిల్లు గడువు అయిపోయిందేమో చూసుకోండి. ఫోను చేసి "నెట్టు రావడం లేదు" అనడానికీ "ఎర్ర దీపం వెలుగుతోంది" అనడానికీ తేడా ఉంది. రెండో మాట చెబితే వాడు నిచ్చెన తీసుకుని వస్తాడు.

కరెంటు పోతే? పాత ల్యాండ్‌లైను ఫోనుకు ఎక్స్‌ఛేంజి నుంచే కరెంటు వచ్చేది, తుఫానులో కూడా మోగేది. ఫైబరులో వచ్చేది వెలుగు, కరెంటు కాదు. మన పెట్టెకు మన కరెంటే కావాలి. ఇన్వర్టరు ఉన్నవారు ఆ ప్లగ్గుకే తగిలించండి. లేనివారికి ఈ పెట్టెల కోసమే 12 వోల్టుల చిన్న యు.పి.ఎస్.లు దొరుకుతున్నాయి, రెండు మూడు గంటలు నడుస్తుంది. కొనే ముందు పెట్టె అడాప్టరు మీద 12 వోల్టులు అని ఉందో లేదో చూసుకోండి.

సిగ్నలు లేని ఊళ్ళవారికి ఈ ప్రసంగంలో అన్నిటికంటే పనికివచ్చే మాట ఇదే అనుకుంటాను. ఇంట్లో వైరు ఇంటర్నెట్టు ఉండి సెల్ సిగ్నలు లేకపోయినా, మామూలు ఫోను కాల్సు మాట్లాడవచ్చు. దానిని వై-ఫై కాలింగ్ అంటారు. ఎయిర్‌టెల్, జియో వారు 2019 చివర, 2020 మొదట్లో దీన్ని ప్రవేశపెట్టారు. ఫోను సెట్టింగుల్లో వై-ఫై కాలింగ్ అన్న చోట ఆన్ చేయాలి. అదనంగా డబ్బు లేదు. అన్ని ఫోన్లలోనూ ఈ సదుపాయం ఉండదు, కొత్త ఫోను కొనేటప్పుడు అడిగి తీసుకోండి. మా ఇంట్లో ఇది పెట్టాక ఓ.టి.పి. కోసం చెరువు కట్ట ఎక్కడం తప్పింది. మోకాళ్ళు సంతోషించాయి.

ఒకే కనెక్షను తీసుకుని నాలుగిళ్ళకు పంచుకుందామని కొందరు అడుగుతున్నారు. ఆ పని వద్దు. కనెక్షను ఎవరి పేర ఉంటే జవాబుదారీ వారిదే, పక్కింటి కుర్రవాడు ఏం చేసినా పోలీసులు వచ్చేది మన ఇంటికి. చట్టబద్ధంగా పంచే దారి వేరే ఉంది. పి.ఎం.-వాణి అని 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పథకం. దాని కింద కిరాణా కొట్టువాడు, టీ కొట్టువాడు లైసెన్సు లేకుండానే వై-ఫై పెట్టి చిల్లరగా అమ్మవచ్చు. అలాంటి చిన్న దుకాణాలకు కంపెనీలు ఎక్కువ ధర వేయకుండా 2025 జూన్‌లో ట్రాయ్ పరిమితి కూడా పెట్టింది. నెలకు నాలుగు వందలు పెట్టలేని కుటుంబ పెన్షనర్లున్న ఊళ్ళో ఇది ఆలోచించదగినది.

ఫిర్యాదుల సంగతి. మా పక్కింటాయన ఒక కంపెనీకి, పేరు అనవసరం, రెండు వేలు కట్టారు. పరికరం బిగించారు, నెల తిరగకుండానే మూగబోయింది. ఫోను చేసి అరిస్తే ఏం లాభం? నేను చెప్పినట్టు చేశారు. ఫిర్యాదు నమోదు చేసి డాకెట్ నంబరు తీసుకున్నారు. తేదీ వేసి రాసుకున్నారు. గడువులో పని కాలేదు, లేదా ఇచ్చిన జవాబు సరిగా లేదు అంటే, 30 రోజుల లోపల ఆ కంపెనీలోనే ఉండే అప్పీలు అధికారికి రాయవచ్చు. అతను 39 రోజుల్లో తేల్చాలి. దీనికి ఫీజు లేదు. ఈ నిబంధనలు ట్రాయ్ 2012లో చేసినవి. ఆయనకు డబ్బు తిరిగి వచ్చింది. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషనుకు వెళ్ళవచ్చునని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మనం జీవితమంతా రెఫరెన్సు నంబరు, తేదీ వేసి కాగితాలు నడిపిన వాళ్ళం. ఈ పని మన పిల్లల కంటే మనకే బాగా వస్తుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. "మీ పొలంలో టవరు వేస్తాం, నెలకు ఇంత అద్దె, ముందు రిజిస్ట్రేషనుకు కొంత కట్టండి" అని ఫోన్లు వస్తాయి. ట్రాయ్ పేరు, టెలికాం శాఖ పేరు వేసి దొంగ కాగితం కూడా పంపుతారు. టవరు వేయడానికి ఆ రెండు సంస్థలూ ఎవరికీ నో అబ్జెక్షన్ సర్టిఫికెట్లు ఇవ్వవు. సిగ్నలు లేని ఊరివాళ్ళకే ఆశ ఎక్కువ గనుక ఈ మోసం ఇటువైపే తిరుగుతోంది. రూపాయి కట్టిన వారు వెంటనే 1930కి ఫోను చేయాలి.

హెడ్మాస్టరు గారికి మా ఊరికి వైరు వచ్చిందని నేనే చెప్పాను. సంతోషించారు. తిరిగి రాలేదు. ఆమెకు ఒంగోలు ఆసుపత్రి అలవాటయింది, మూడేళ్ళ తరువాత ఇల్లు మళ్ళీ బాగుచేయించుకునే ఓపిక లేదన్నారు. సంక్రాంతికి వచ్చి రెండు రోజులు ఉంటారు, అంతే.

మేము ఊళ్ళో తిప్పిన సంతకాల కాగితం నమూనా, ఆపరేటరుతో రాసుకున్న కాగితం నకలు, అప్పీలు రాసే పద్ధతి, మూడూ జిరాక్సు తీయించి కార్యదర్శి గారి బల్ల మీద పెట్టాను. ఊరికి ఒక సెట్టు తీసుకోండి. ఎక్కువ మంది ఉన్న ఊరివారు భోజనాల తరువాత వేప చెట్టు కింద కూర్చుంటే, ఎవరి ఊరికి ఏ వైరు ఎంత దూరంలో ఆగిందో రాసుకుందాం. మా ఆపరేటరు కూడా మూడు గంటలకు వస్తానన్నాడు. కోతులు అడ్డం రాకపోతే.